నర్సమ్మను తిట్టిన రోజు

వంతెన కొట్టుకుపోయిన వరద తర్వాతి ఏడు, రంపపు మిల్లులో దుంగ దొర్లి నా మీద పడింది. తల పగిలింది, తొడ చీలింది. ఆస్పత్రిలో డాక్టరు వేరే ఆపరేషన్లో ఉన్నాడు. నర్సమ్మ నా తొడను రెండు చేతులా అదిమి పట్టుకుంది.

"బాబాయ్, నిద్రపోకు. మాట్లాడుతూ ఉండు."

"నాకు మాటలు రావు."

"మూగవాడివా?"

"మా ఆవిడా అదే అంటుంది."

"తలకు దెబ్బ తగిలింది. నీ మాట తడబడితే లోపల రక్తం కారుతోందని నాకు తెలుస్తుంది. డాక్టరు వచ్చేదాకా నోరు మూయకు."

"తొడ వదులు. ప్రాణం పోతోంది."

"వదిలితేనే పోతుంది. కోపమొస్తే తిట్టు."

"తిట్టనా?"

"తడబడకుండా తిట్టు."

"మొండిదానా! రాక్షసీ! అవి చేతులా, ఇనప కొక్కేలా?"

"అంతేనా?"

"నిన్ను కట్టుకునేవాడికి ఇప్పుడే దండం పెడుతున్నా!"

"వాడింకా దొరకలేదు. కానీయ్."

"మా ఆవిణ్ణి కూడా ఇన్నేళ్లలో ఇన్ని మాటలనలేదు."

"ఆవిడకు మిగిల్చినవి కూడా నన్నే అను."

"నేను చావను. నీ మీద పంతానికైనా చావను!"

"అదీ మాట! అదుగో, డాక్టరు వచ్చేశారు. డాక్టరుగారూ, ఈయన తిట్లు శుభ్రంగా ఉన్నాయి. రండి."

మర్నాడు పొద్దున ఆమె వచ్చి నా కళ్లలోకి టార్చి వేసింది. అడక్కముందే తిట్లు మొదలుపెట్టాను.