అమ్మోరి బండికి ముందుకి వంచిన పొగగొట్టం

పెంచలయ్య ఉండాడే, నిమ్మతోట పెంచలయ్య, ఆయనకి పాతకాలం ట్రాక్టరొకటి ఉండేదంట. నిమ్మకొమ్మల కింద దూరిపోయేంత పొట్టిది. వాళ్ల నాయన నాటినించీ జాతరలో అమ్మోరి బండి లాగేది అదే. ఆ ఏడు ఏమైందంటే, దాని సైలెన్సరు తుప్పుబట్టి రాలిపోయింది. ఇంక డబడబడబ... దూడలు పలుపులు తెంచుకుంటన్నాయి. జాతర జరిపించే పెద్దకాపు పిలిచి, ఏరా పెంచలా, ఆ మోతకి అమ్మోరు బండి దిగి నడిచిపోద్దిరా, జాతరలోపల బాగుచెయ్యి, లేదంటే ఇంకో ట్రాక్టరు పెడతాం అన్నాడంట. పెంచలయ్య ఆ పూటే బజారుకి పరిగెత్తాడు. నాయన చేసిన సేవ తన చేతిలో ఆగిపోతే ఎట్టా, తల్లీ!

అంత పాతదానికి బజార్లో సైలెన్సరు యాడ దొరుకుద్ది? తనే రెండు ఇనపగొట్టాలు తెచ్చి, చిన్నదానికి చిల్లులు పొడిచి, పెద్దదాన్లో దోపి, వెల్డింగు పెట్టించాడు. మోత అణిగింది, పిల్లి గుర్రుపెట్టినట్టు. దాన్ని నిలువునా బిగించుకోని మురిసిపోతావుంటే పెళ్లాం సుబ్బరత్నమ్మ వచ్చి, "బాగుందయ్యా, ఎనకాల కూర్చునే తల్లి మొహాన మసి పూస్తావా?" అనింది. నిజమేగదా! ఎనక్కి వంచుదామంటే పొంగళ్లెత్తుకోని ఆడోళ్లొస్తారు. పక్కకి వంచుదామంటే సందుల్లో అరుగులమీద ముసిలోళ్లు. చేసేదిలేక ముందుకి వంచాడు. ముందరెవరు? డప్పులోళ్లు! జాతరనాడు డప్పు గురవయ్య చూసి భగ్గుమన్నాడు. "ఏం పెంచలన్నా, తల్లికి దండాలు, మాకు పొగా?" "నాలుగు బారలు ముందు నడువు గురవన్నా, నీకు పుణ్యముంటది." "నడుస్తాలే, తల్లి కోసం. నీ మొహం చూసిగాదు."

ఊరేగింపు సగం ఊరు తిరిగిందో లేదో తుంపర పట్టుకుంది. తడి తగిల్తే డప్పు ఏమైద్దో మీకు తెలవందా, చర్మం సాగి చప్పుడు చచ్చిపోద్ది. మంటేసి కాపుదామంటే గడ్డి తడిసిపోయె. డప్పు మోగందే అమ్మోరి బండి అడుగెయ్యకూడదాయె! అందరూ నిలబడిపోయినారు. అప్పుడు గురవయ్య అటూ ఇటూ చూసి, మెల్లిగా వచ్చి, సెగలు కక్కే ఆ పొగగొట్టం పక్కన డప్పు పట్టుకున్నాడంట. కాసేపాగి వేలితో మీటాడు. ఖంగుమనింది! "రండ్రోయ్!" అని కేకేశాడు. ఇంక చూస్కో, ఒకరి తర్వాత ఒకరు కాపుకుంటా, కొట్టుకుంటా, గుడిదాకా ఆగలేదు. అమ్మోర్ని బండి దించేటప్పుడు గురవయ్యే పెద్దకాపుతో, "కాపుగారో, మాకు ఏటా ఈ బండే కావాల" అన్నాడంట.

నేననేదేందంటే, ఎవరి సేవ ఎట్టా తీసుకోవాల్నో ఆ తల్లికి తెలుసు. పెంచలయ్య మాత్రం, ఇదంతా ముందే ఆలోచించి వంచానని ఈనాటికీ చెప్పుకుంటన్నాడు. చెప్పుకోనీండి నాయనా! తుంపర కూడా తనే కురిపించాననలేదు గదా.