పురుగులు తిన్న అడవి, పెరిగిన ఏరు

"బడి పిల్లల వంతెన ఎంత ఎత్తు కట్టాలో తేల్చాలంటే ఆ ఏడాది సంగతి నన్నడగాలమ్మా, ఇంజనీరమ్మా! ఏట్లో నీటిమట్టం కొలబద్ద ముప్పై ఏళ్ళు చూసినవాణ్ణి. కొండమీద అడవికి పురుగు పట్టి ఆకన్నది మిగల్చలేదు, చినుకు లేదు, మబ్బు లేదు, ఏరు మాత్రం జానెడు పెరిగింది. ఎందుకో చెప్పనా? ఆకు లేని చెట్టు నీళ్ళు తాగదు. అది తాగనివన్నీ ఏట్లోకొచ్చాయి. కనిపెట్టిందెవరు? నేనే!"

టీకొట్టులో ముసలాయన చెప్పుకుపోతుంటే, ఇంజనీరమ్మ బల్లమీద పాత కొలతల పుస్తకం పెట్టుకుని తిరగేస్తోంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పురుగులు ఆకు నమిలే చప్పుడుకి మా ఇంటి పెంకులు కదిలేవి."

"పెంకులా?" అంది టీకొట్టావిడ.

"పెంకులేనమ్మా! జానెడల్లా మూరెడైంది, మూరెడల్లా నిలువెత్తైంది, చేపలు కొమ్మలెక్కి కూర్చున్నాయి. ఇక లాభం లేదని నేనే అడవిలోకెళ్ళి, పురుగుల పెద్దని పిలిచి, 'కింద జనం కొట్టుకుపోతున్నారు, ఆపండి' అని గద్దించా. సాయంత్రానికల్లా మూటాముల్లె సర్దుకుని పోయాయి!"

అందరూ పకపకా నవ్వారు. ఇంజనీరమ్మ మాత్రం పెన్ను తీసింది.

"జానెడు పెరిగినట్టు పుస్తకంలోనూ ఉంది బాబాయ్. వాన లేకుండా ఎలాగా అని అడగడానికే వచ్చా. మీ మాటలు వింటే ఇదీ కోతలేననిపిస్తోంది. ఆ నెల అంకెలు కొట్టేస్తా. వరద మట్టం మీద కలపాల్సిన ఆ జానెడు పోయి, వంతెన అంత కిందికి దిగుతుంది."

"అయ్యో, వద్దమ్మా! పిల్లలు నడిచే దారి. జానెడు మాట నిజం!"

"మరి చేపలు?"



ఆయన పక్కనే కూర్చున్న బావమరిది గ్లాసు కింద పెట్టాడు. "బావా, ఆ నెలంతా నువ్వు కాలు విరిగి మంచంమీద ఉన్నావు. ఏటి మొహమే చూళ్ళేదు. రోజూ పొద్దున్నే నడిచెళ్ళి కొలత రాసుకొచ్చింది మా అక్క. చెట్లు బోడైనందుకే నీళ్ళు పెరిగాయని చెప్పిందీ అక్కే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన పుస్తకం తనవైపు తిప్పుకున్నాడు. ప్రతి అంకె పక్కనా ఆయన సంతకమే ఉంది.

"మంచంమీంచే పెట్టానమ్మా ఇవన్నీ. ఆవిడ బతికుండగా ఒక్కరికీ చెప్పలేదు, సిగ్గేసి. సంతకాలే నావి, అంకెలు ఆవిడవి. ఆవిడకి ఉన్నది ఉన్నట్టు చెప్పడమే వచ్చు. కొట్టెయ్యకు."