గంపల బండ కాడ ట్రామ్ ఆగదట

ఏం బిడ్డా, నన్నేనా పిలిచింది? రా, కూసో. ఆ గోనెసంచి మీద గాదు, తడిగున్నది, పాలకూర ఇప్పుడే కడిగి పెట్టిన. ఈ పీట మీద కూసో. పేరేంది? హరితనా. మంచిగున్నది. ట్రామ్ ఆఫీసు నుంచి వచ్చినవా? కొత్త ట్రామ్ ఎట్లున్నదని ఇంటింటికి తిరిగి అడుగుతున్నరా? అడుగు మరి. అడిగినంక ఇనాలె. ఏది, ఆ కాగితం ఇటు చూపియ్యి. నాకు చదువు రాదు, బస్సు నంబర్లు వస్తయ్, నా పేరు వస్తది, గంతే. అయినా బొమ్మలు తెలుస్తయ్ గదా. మూడు మొహాలు గీసిండ్రు. ఒకటి నవ్వుతున్నది, ఒకటి జర ఎక్కువ నవ్వుతున్నది, ఇంకోటి పండ్లన్నీ బయట పెట్టి నవ్వుతున్నది. ఇండ్ల నా మొహం ఏది? లేదు గదా. అయితే ఆ పెన్ను లోపల పెట్టు. నోటితోని చెప్త, చెప్పింది చెప్పినట్టు మీ పెద్దసారుకు అప్పజెప్పు.

మొన్న బేస్తవారమే గాదా మొదలు వెట్టింది? నార్సింగి నుంచి నల్లగండ్ల దాక. బంతిపూల దండలేసుకొని వచ్చింది, తెల్లగ, పొడుగ్గ, కడిగిన ముల్లంగి లెక్క. బాగనే ఉన్నది, బాగలేదని నేనన్ననా? ఎదురు టవర్ల ఉండే అవినాష్ సారు, కంప్యూటర్ల పని చేస్తడు, నా దగ్గరనే గోంగూర కొంటడు, చిన్నపోరని లెక్క ఎగురుతున్నడు. "పెద్దమ్మా, ఇగ కారు అమ్మేస్త, పదకొండు నిమిషాల్ల ఆఫీసు!" అన్నడు. ఆయన పక్కన ఒక మేడం, కోస్తా దిక్కు నుంచి వచ్చిండ్రు వాళ్లు, "ఎంత బాగుందోనండీ, అసలు చప్పుడే లేదండీ" అని ఫోను లేపి పట్టుకున్నది. చప్పుడు లేకుంటే వస్తున్నదని ఎట్ల తెలుస్తదమ్మా అన్న నేను. నవ్వింది. ఏమన్నా నవ్వుతరు ఆ టవర్లోళ్లు. ఇటు మా బస్తీ ఆడోళ్లు మాత్రం నవ్వలే. మా శ్రీలత, ఆ అద్దాల ఆఫీసుల ఊడ్చి తుడుస్తది, నా చెవుల చెప్పింది: "పెద్దమ్మా, ఇది మన గంపల బండ కాడ ఆగదట. అటు టవర్ల గేటు కాడ ఒకటి ఆగుతది, ఇటు మాల్ కాడ ఒకటి ఆగుతది. నడుమ మనం లేమట." లేమా? నేను నిలవడి ఉండంగనే లేమా? అని పోయి బండ మీదికి ఎక్కిన. ముల్లంగి వచ్చింది. చెయ్యి ఎత్తిన. ఇంత పొడుగు ఎత్తిన, నలబై ఏండ్లు బస్సుకు ఎట్ల ఎత్తిన్నో గట్ల. ఏమైందో ఎరికేనా? లోపలున్నోళ్లందరు నాకు చేతులూపిండ్రు! డ్రైవర్ పోరడు గూడ ఊపిండు, గంట గూడ కొట్టిండు, టింగు టింగుమని. నేను టాటా చెప్తున్న అనుకున్నరు బిడ్డా! ముసల్ది సంబరపడుతున్నది అనుకున్నరు. ఆపరా అని ఒర్రిన. అద్దాలు బిగించుకున్నరు, ఎవనికి ఇనవడ్తది? నువ్వు నవ్వకు. నవ్వేది కాదది.

గంపల బండ అంటే ఏందని అడుగవేంది? అడగాలె గదా, ఊకె రాసుకుంటరా? అగో, ఆ నల్లబండ, జర వంగినట్టున్నది, మోకాలంత ఎత్తు. దానికి ఆ పేరు వచ్చింది మా పుణ్యవతి వల్ల. పుణ్యవతి అంటే మా బావ పెండ్లాం, నాకు యారాలు. చచ్చిపోయి పద్నాలుగేండ్లాయె. ఆమెను మెచ్చుకుంటున్న అనుకునేవు, అదేం లేదు. ఆమె చేసిన పనికి నేను ఇప్పటిదాక మాఫీ చెయ్యలే, చెయ్య. మెహదీపట్నం అంగట్ల, నా గిరాకోళ్ల ముంగట, "సీతాబాయి కొత్తిమీర కట్టలకు నీళ్లెక్కువ, ఆకు తక్కువ" అన్నది. నేను! నా కట్ట చూడు, ఇగో పట్టుకో. పిడికిలి నిండ ఉన్నదా లేదా? వేర్లు ఒక్క తీరుగ ఉన్నయా లేదా? వరిగడ్డితోని రెండు చుట్లు, ముడి లోపలికి. ఆమెది వదులు కట్టు, ఎత్తుతె సగం కింద పడ్తుండె. గామె నన్ను అన్నది. ఆ దినం నుంచి మాట బంద్. పందొమ్మిదేండ్లు. ఒక్క వాకిలే ఇద్దరికి, మాట మాత్రం లేదు.

ఏం చెప్తున్న? ఆ, బండ. అది ఈ లొల్లి కంటె ముందటి ముచ్చట. అప్పుడు ఇక్కడ టవర్లేడియి, అంత తోటలే. పొద్దున పట్నం పోయే బస్సు ఒక్కటి. మేం పదకొండు మందిమి ఆకుకూర గంపలు పెట్టుకొని నిలవడితె ఆపుతుండెనా? కండక్టరు తలకాయ బయట పెట్టి "బురద గంపలు ఎక్కనియ్య, నడువుండ్రి నడువుండ్రి" అంటుండె. నడిచినం. మెహదీపట్నం దాక నడిచినం, మెడలు పడిపోయినయ్. ఒక పొద్దు పుణ్యవతి ఏం చేసింది, తన గంప తీస్కపోయి రోడ్డు నడిమిట్ల దించింది. దించి, వచ్చి ఆ బండ మీద కూసొని తలకాయ దువ్వుకుంటున్నది! బస్సు వచ్చింది. డ్రైవరు హారన్ మీద హారన్. "ఏయ్, గంప ఎవలిది? తియ్యి!" ఆమె దువ్వెన తియ్యకుంట, "నాదే అన్నా. తీస్త గని, నిండు గంప గదా, ఒక్కదానికి లేస్తదా? దిగి జర చెయ్యి వెయ్యి" అన్నది. అది నిజమే బిడ్డా. నిండు గంప ఎంత మొగోడైనా తన నెత్తికి తను ఎత్తుకోలేడు. దించుడు ఒక్కరితోని అయితది, ఎత్తుడు ఇద్దరుంటెనే. రోజు మేం ఒకల్లకొకలం ఎత్తుకునేటోళ్లం. ఆ దినం మాత్రం మేం పది మందిమి ఒక్కరం లేవలే, గిట్ల చేతులు కట్టుకొని నిలవడ్డం. ఎనకాల ఇంకో లారీ ఆగింది, ఒక జీపు ఆగింది. ఇగ డ్రైవరు ఏం చేస్తడు? దిగిండు. తిట్టుకుంట తిట్టుకుంటనే గంపకు చెయ్యి వేసిండు, ఆమె నెత్తికి ఎత్తిండు. ఎత్తంగనే ఆమె గంపతోనే పోయి బస్సు మెట్టెక్కింది! "నువ్వే ఎత్తినవ్ గదా అన్నా, మళ్ల దించుమంటవా?" అన్నది. తెల్లారి రోడ్డు మీద పదకొండు గంపలు. మూడో దినానికి బండ కాడ ఆపుడు షురువు చేసిండ్రు. ఏ కాగితం మీద రాసుకోలే, ఏ సారును అడగలే.

ఉన్నది చెప్పాలె. ఆమె మాటకు నాకు కడుపుమంట, ఆమె గంపకు గాదు. మాట బంద్ అయిన పందొమ్మిదేండ్లు గూడ పొద్దుగాల బండ కాడ ఆమె గంపకు నేనే చెయ్యి వేసిన, నా గంపకు ఆమెనే వేసింది. వేరేటోళ్లు ఎత్తితె అంచు నుదుటికి గుచ్చుకుంటుండె, ఆమె ఎత్తితె నెత్తి మీది చుట్టబట్ట మీద సక్కగ కూసుంటుండె. ఎత్తుతం, మొహం పక్కకు తిప్పుకుంటం, బస్సు ఎక్కుతం. కడపటి దినం ఆమెకు జరం. బండ కాడికి రాలే. శ్రీలత వాళ్లమ్మ నేనెత్తుత అన్నది, నేను ఒప్పుకోలే. వాకిట్లకి మళ్ల వచ్చిన, గంప ఈడ్చుకుంట వచ్చిన, ఆమె గుమ్మం కాడ పెట్టి నిలవడ్డ. పిలవలే. నేనెందుకు పిలుస్త? తప్పు ఆమెది. ఆమె దుప్పటి కప్పుకొని గోడ పట్టుకుంట వచ్చింది, వంగింది, చెయ్యి వేసింది. నా నెత్తి మీద అంచు జర సదిరింది, ఎప్పటి లెక్కనే. మళ్ల లోపలికి పోయింది. మాట్లాడలే. నేనూ మాట్లాడలే. నేను అంగట్ల నుంచి వచ్చేసరికి...

ఆ. ఏమన్నవ్? చాలా దగ్గర దగ్గర స్టాపులు పెడితె బండి ఆలస్యం అయితదా? మీ సారు చెప్పమన్నడా? "కొద్దిగ నడవండి పెద్దమ్మా" అని టవర్ల గేటు కాడ ఆ సెక్యూరిటీ గూడ అన్నడు. నడుస్త. నడవలేక గాదు. నడవమన్నోడు ఎన్నడన్న నెత్తి మీద గంపతోని నడిచిండా? వాళ్ల ఆఫీసులు ఊడ్చే ఆడోళ్లు రెండు స్టాపుల నడుమ ఎండల ఉరకాలె, ఊడ్పిచ్చుకునేటోళ్లు గేటు ముంగటనే ఎక్కాలె. నా ఒక్కదాని ముచ్చట గాదిది. నాకు డెబ్బై నాలుగు, నేను ఎన్ని దినాలు ఎక్కుత? ఆ బండ కాడ ఆపిచ్చినామె నాకు పగదే, అయినా ఆమె ఆపిచ్చింది. నేను బతికుండంగ దాన్ని దాటిపోతరా, మళ్ల నాకు టాటా చెప్పుకుంట?

టైమెంతయింది నీ ఫోన్‌ల? పది కావస్తున్నదా? పదింటిది వంపు తిరిగేకాడ మెల్లగ వస్తది, మనిషి నడిచినంత మెల్లగ, నాలుగు దినాల నుంచి చూస్తున్న. లే, ఆ కాగితం సంచిల పెట్టుకో, తడైతది. ఇట్ల రా, గంపకు జర చెయ్యి వెయ్యి. అట్ల గాదు, అంచు పట్టకు, అడుగు పట్టు. ఆ. ఇంకా పైకి. ఇగ వదులు. ఫికర్ చెయ్యకు, పట్టాల నడుమ దించేది నా ఒక్కదాంతోని అయితది. ఎత్తుడే ఒక్కదాంతోని కాదు.