తాతారావు చేగోడీల నిఘా

తాతారావని చేగోడీలు చేసేవోడు. కొత్తలాకుల దగ్గర కాలవకి ఈ గట్టున ఆడి కొట్టు, ఆ గట్టున మాణిక్యాంబ కొట్టు. మధ్యలో నీళ్ళు, నీళ్ళ మీద వంతెన. ఇద్దరిదీ ఒకటే పిండి, ఒకటే నూనె, ఆఖరికి వాము కూడా ఒకే కొట్లో కొనేవోరంట. కానీ జనం ఏం చేసేవోరంటే, ఈ గట్టున బస్సు దిగి, తాతారావు కొట్టు ముందు నించే నడుచుకుంటా వంతెనెక్కి, ఆ గట్టుకెళ్ళి కొనుక్కునేవోరు. ఎండలో అంత దూరం నడిచి మరీని! ఆడికెలా ఉంటాది, మీరే చెప్పండి? ఆవిడ చేగోడీ నోట్లో ఏసుకుంటే కరకరలాడి కరిగిపోద్ది. ఈడిది పైన రాయి, లోపల బంక. ఆ సంగతి లాకుల కాడ అందరికీ తెలుసు, ఒక్క తాతారావుకి తప్ప. "నా సరుక్కి లోటేవుంది? ఆవిడే ఏదో కిటుకు చేత్తంది" అనేవోడు.

ఇలా ఉండగా ఏమైందంటే, పట్నం నించి శ్రీహర్షని ఒకాయన దిగేడు. మెళ్ళో తాడు, తాడుకి అట్టముక్క, అట్ట మీద ఆయన బొమ్మే. చిన్నా చితకా వ్యాపారాలోళ్ళకి ఎదటి కొట్టు గుట్టు చెప్పే యంత్రాలు అమ్ముతాడంట. తాతారావు ఓ చేగోడీ పెడితే మర్యాదకి కొరికేడు, మింగడానికి కొంచెం సేపట్టింది. మింగి అడిగేడు, "మీ పోటీదారు రోజుకి ఎన్ని వాయిలు దింపుతారో తెలుసాండీ?" "తెలవదండి." "ఏ టైములో జనం ఎక్కువొస్తారో?" "తెలవదండి." "మరేం తెలుసండీ మీకు?" "చేగోడీలు చెయ్యడం తెలుసండి" అన్నాడు తాతారావు. ఆయన చేతిలో మిగిలిన ముక్కకేసి చూసుకుని, దాన్ని మెల్లిగా పక్కనెట్టి సంచీలోంచి యంత్రం తీసేడంట. మొత్తానికి అమ్మేసేడనుకోండి. కొట్టు మీద గొట్టం పాతి, కొసకి కెమెరా బిగించేడు. అవతల గట్టున ఈగ వాలినా ఇవతల ఫోన్లో కనపడుద్ది. ఆ బొమ్మలు చూసి ఫోనే సలహాలు కూడా చెబుద్దంట, అదీ తెలుగులో. పెళ్ళాం నాగమణి "ఏవిటయ్యా అది?" అంటే, "దొంగల కోసవే" అన్నాడు. "కొనేవోళ్ళే రాని కొట్టుకి దొంగలెందుకొత్తారు?" అంది ఆవిడ.

ఇహ చూడండి. మాణిక్యాంబ మూకుడు పొయ్యి మీదెడితే ఇక్కడ ఫోను టింగుమనేది, ఈడూ పెట్టేవోడు. ఆవిడ పసుపుచ్చ చీర కట్టిన రోజు జనం పెరిగేరని చెప్పింది ఫోను, ఈడు పసుపుచ్చ చొక్కా కుట్టించేడు. ఆవిడ ఏడు నిమిషాలకి వాయి దింపుతుందని చెప్పింది, ఈడు గడియారం ఎదురుగా పెట్టుకుని ఏడంటే ఏడే. ఓ రోజు ఆవిడకి జలుబు చేసి మూతికి గుడ్డ కట్టుకుంటే, "పోటీదారు శుభ్రత పెంచుతున్నారు" అంది. ఈడూ కట్టేడు! మూణ్ణెల్లు ఇదే వరస. చేగోడీ మాత్రం రాయే.

ఓ మిట్టమధ్యాన్నం, ఆవిడకి బీపీ ఉందిలెండి, పొయ్యి ముందు కళ్ళు తిరిగి పడిపోయింది. పడతా పడతా చెయ్యి మూకుడికి తగిలి, మోచేతి మీద నూనె ఒలికింది. పొయ్యి మండుతానే ఉంది. రోడ్డు మీద మనిషన్నవోడు లేడు. చూసినోడు ఒక్క తాతారావు, అదీ ఫోన్లో. అప్పుడా ఫోను ఏవందో తెలుసా? టింగుమని, "పోటీదారు ఉత్పత్తి ఆగింది. ధర పెంచడానికి ఇది మంచి సమయం" అంది! తాతారావు, అబద్ధవెందుకాడాలి, ఓ క్షణం అలాగే నిలబడిపోయేడంట. ధర కోసం కాదు. పరిగెత్తుకెళ్తే రేపు "నీకెలా తెలిసింది?" అని అడుగుతారు కదా, ఆ సిగ్గుకి. ఈలోపు ఆవిడ పక్కనున్న గోనెసంచి అంటుకుంది. అంతే, ఫోను అక్కడే పడేసి, కాళ్ళకి చెప్పులైనా లేకుండా ఆ ఎండలో వంతెన మీద ఒకటే పరుగు. పొయ్యి కట్టేసి, గోనె ఈడ్చి కాలవలో పారేసి, ఆవిణ్ణి రెండు చేతుల మీదా ఎత్తి ఆటోలో ఏసుకుని ఆసుపత్రికి తీసుకుపోయేడు.

సాయంత్రానికి ఆవిడకి తెలివొచ్చింది. చేతికి కట్టు కట్టేరు. తాతారావు మంచం పక్కన నిలబడున్నాడు, అరికాళ్ళు బొబ్బలెక్కి. ఆవిడ చూసి చూసి, "ఒరే తాతారావూ, నీ కొట్లోంచి నా పొయ్యి కనపడదు గదా. ఎలా తెలిసింది నీకు?" అంది. ఈడు చెప్పేసేడు, పసుపుచ్చ చొక్కాతో సహా. "మూణ్ణెల్ల నించీనా?" "అవునక్కా." "నా జలుబు కూడానా?" "అవునక్కా." ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. "సిగ్గులేదూ? నా కొట్లో నేను చెవట తుడుచుకుంటే అదీ చూసేవా?" అంది. "తప్పయిపోయిందక్కా, ఇయ్యాలే పీకేత్తాను" అన్నాడు, కళ్ళంట నీళ్ళు కారతన్నాయి. ఆవిడ విసురుగా గోడకేసి తిరిగి పడుకుంది. ఆనక మెల్లిగా ఇటు తిరిగి, "ఒరే, మూణ్ణెల్లు కళ్ళార్పకుండా చూసేవు గదా. మరి నీ చేగోడీ ఇంకా అలాగే ఏడిసిందేంట్రా?" అంది. "అదే తెలవట్లేదక్కా" అన్నాడు.

పదిహేన్రోజులు చెయ్యి కదపకూడదన్నాడు డాక్టరు. "నువ్వే వచ్చి నా వాయిలు దింపు, అదే నీకు శిక్ష" అంది ఆవిడ. ఈడు కెమెరా పీకేసి, తన కొట్టు నాగమణికి అప్పజెప్పి వెళ్ళేడు. మొదటి వాయి ఏసేడు, గడియారం చూసుకున్నాడు, "ఏడు నిమిషాలయ్యింది, తియ్యనా అక్కా?" అన్నాడు. కుర్చీలో కూచున్న ఆవిడ, "గడియారంకేసి చూత్తావేంట్రా, మంట తగ్గించి నూనెని విను" అంది. విన్నాడు. నూనె చిటపటలాడతా ఉంది. "అలా అరుత్తందంటే లోపల తడుందన్నమాట. చప్పుడు సద్దుమణిగేకే తియ్యాలి. ముసురు రోజు ఒకలాగుంటాది, ఎండ రోజు ఒకలాగుంటాది" అంది. తాతారావు నోరెళ్ళబెట్టేడంట. మూణ్ణెల్లు బొమ్మలు చూసేడు గానీ ఆ కెమెరాకి చెవుల్లేవు మరి! ఆ వాయిలోది ఒకటి నోట్లో ఏసుకున్నాడు, కరకరలాడింది. అక్కడే కూలబడి ఏడిసేడంట, నలభయ్యేళ్ళ మనిషి.

ఇప్పుడు బస్సు దిగినోళ్ళు కొందరు ఈ గట్టునే ఆగుతున్నారు. మాణిక్యాంబ ఏవీ అనుకోలేదు, కాస్త ఒళ్ళు అలుపు తగ్గిందంది. ఇదంతా నాకెలా తెలుసంటారా? రోజూ లాకుల మీద గేలం ఏసుకుని కూచునేది ఎవరనుకున్నారు? ఆ ఒక్కరోజే మా చెల్లెలింటికెళ్ళేను, లేపోతే ఆవిడ పడింది నేనే చూద్దును. పదేళ్ళయ్యింది, నా గేలానికి చేపంటూ పడింది లేదు గానీ, రెండు గట్లమీదా ఎవరింట్లో ఏం ఉడుకుతుందో అడగండి, చెబుతాను. ఆ పట్నపాయన నన్ను కలిసుంటే బాగుండేది, అంత దూరం కెమెరా మోసుకొచ్చే పనుండేది కాదు పాపం.