వెదురుగొట్టంలో బెల్లం

హలో… రాజాం వడ్ల కొట్టేనా? …ఆ, నేనే బావా. గరివిడి నుంచి. పోస్టాఫీసులో ఉన్నాను.

బాగానే ఉన్నాను… తిన్నాను… బడికెళ్ళి పాఠాలు చెప్తన్నాను. అది కాదు. ఒక మాట అడగడానికి చేశాను.

నీలవేణి పోయిన రోజున, శ్మశానం నుంచి వచ్చాక, చిన్నతల్లిని నీకు అప్పగించాను. నీ చెల్లెలి కూతురు. కొన్నాళ్ళు నీ ఇంట్లో ఉంటే కుదుటపడతాదనుకున్నాను. …అవును. బాగానే చూస్తన్నావు. కాదనను.

దాని ఎడంచెయ్యి నడుముకి ఎందుకు కట్టావు?

…మా ఊరి గంగులు చెప్పాడు. వడ్లు వెయ్యడానికి వచ్చినప్పుడు నీ కొట్లోనే చూశాడంట. తువ్వాలుతో కట్టి ఉన్నాదంట. పిల్ల కుడిచేత్తో అన్నం కలపలేక, కంచం ముందు ఊరికే కూర్చున్నాదంట.

…మెత్తటి తువ్వాలా. సంతోషం బావా. మెత్తటిది చూసి మరీ కట్టావు.

…ఎవరు చెప్పారు? …సోది చెప్పే కూర్మమ్మా! ఏటంది? …ఎడంచేత్తో పనులు చేసినందుకే నీలవేణికి పక్షవాతం వచ్చిందనా? …పిల్లకీ వస్తాదనా. ఓహో.

అవతల దేశాలవాళ్ళు కోతిని రాకెట్టులో ఎక్కించి ఆకాశానికి పంపుతన్నారు. నువ్వు కూర్మమ్మ చేట ముందు కూర్చున్నావు. బస్తా వడ్లు కొనేముందు గింజ కొరికి చూస్తావే, ఈ మాటని ఒక్కసారి కొరికి చూడలేకపోయావా?

…నవ్వడం లేదు. నవ్వొచ్చే మాటైతే నవ్వుదును.

డాక్టరు చెప్పినది విను. తలలో ఎడం సగం కుడిచేతిని ఆడిస్తాది. కుడి సగం ఎడంచేతిని ఆడిస్తాది. చాలామందికి మాట ఎడం సగంలో ఉంటాదంట. ఎడంచేతివాళ్ళలో కొందరికి కుడి సగంలో ఉంటాదంట. నీ చెల్లెలికి ఆ కుడి సగంలోనే రక్తనాళం చిట్లింది. అందుకే చెయ్యీ మాటా ఒక్కసారే పోయాయి. చెయ్యి జబ్బుని తేలేదు బావా. జబ్బే చేతిని తీసుకుపోయింది.

…కుడిచెయ్యా? బాగానే ఉండేది. మీ అమ్మ అట్లకాడ కాల్చి, ఎడంచేతికి వాత పెట్టి నేర్పిన చెయ్యి కదా. దానికేం కాలేదు. ఆస్పత్రిలో పలక తెచ్చి ఇచ్చాను. గీతలు గీసింది. అక్షరం రాలేదు.

…లేదు. ఏటి చెప్పాలనుకుందో నాకూ తెలీదు.

…ఆ, చెప్పు.

…ఆ వాత ఏటి మార్చింది బావా? పెళ్ళిపీటల మీద కుడిచేత్తో జీలకర్రా బెల్లం పెట్టింది. కాపురానికొచ్చాక అట్లకాడ ఎడంచేత్తోనే పట్టింది. రాజాంలో బస్సు దిగితే మళ్ళీ కుడిచెయ్యి. నువ్వు మెచ్చుకుంటావని.

…ఏటి? మళ్ళీ చెప్పు. …కోతికి ఎడమా కుడీ తెలీదు, మనిషన్నాక తెలియాలి. అంతేనా? ఎక్కడ చూశావు? …చూడలేదు. అందరూ అంటారు. అలాగా.

మేం చూశాం. సెలవు దొరికితే రామతీర్థం కొండకి పోయేవాళ్ళం… దేవుడి కోసం కాదు. కోతుల కోసమే. …నవ్వు, పరవాలేదు. నీ చెల్లెలు సన్నటి వెదురుగొట్టంలో బెల్లం కూరి కొమ్మకి వేలాడగట్టేది. అది ఊగకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతి వేళ్ళు దూర్చి తీసుకోవాలి. ముసలి గండుకోతి ఎప్పుడొచ్చినా కుడిచెయ్యే దూర్చేది. చెవి తెగిన ఆడకోతి ఒకటుంది, పొట్టకి పాలపిల్లతో. అది ఎప్పుడూ ఎడమే. ఏ కోతి చెయ్యి దానిది. చెవి తెగినదాన్ని మంద వెలెయ్యలేదు. దాని చెయ్యి ఎవరూ కట్టలేదు. వాటికి కూర్మమ్మ లేదు కదా.

…ఆ, ఆపరేటరమ్మా, ఇంకో మూడు నిమిషాలు ఇవ్వండి. …బావా, ఉన్నావా?

…భయమా.

…ఆ మాట ముందే అనొచ్చు కదా. చెల్లెలు పోయింది, పిల్ల కూడా పోతాదేమోనని. నాకు లేదనుకున్నావా? నీలవేణి ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ, నిద్రలో పిల్ల ఊపిరి తీస్తన్నాదో లేదో నేనూ చూసేవాణ్ణి. భయపడు బావా. పిల్లని మాత్రం కట్టకు.

ఆదివారం పొద్దుటి బస్సుకి వస్తాను. తీసుకుపోతాను. …లేదు, కోపం కాదు. నా ఇంట్లో అది ఏ చేత్తో తిన్నా అడిగేవాళ్ళు లేరు. …ఇప్పుడు దాన్ని పిలు. …ఫోను ఏ చేతికి ఇవ్వాలని నన్నడుగుతావేటి? దాన్నే అడుగు.

…

చిన్నతల్లీ? …ఆ, నాన్ననేనమ్మా. …విప్పారా? ఎవరు? …తాయారత్తా. మావయ్య ఏటి చేస్తన్నాడు? …తువ్వాలు మడతపెడతన్నాడా. …సరే. ఏటీ అనకు మావయ్యని.

…ఆదివారం వస్తాను. …నిజంగా.

…ఉన్నాది. గొట్టం అమ్మ పెట్టిన చోటే ఉన్నాది. …బెల్లం కొనాలి. …చెవి తెగినదా? కొండ మీదే ఉంటాది. దాని పిల్లది ఈపాటికి పాలు మానేసుంటాది.

…వాళ్ళ అమ్మలాగే ఎడంచేత్తోనా?

…తెలీదమ్మా. అమ్మ అదే చూద్దామనుకుంది. పిల్లది ఎదిగేదాకా ఆగుదామంది.

…లేదు. ఇంకా చూడలేదు.