దువ్వెనలో మిగిలింది

ఉదయం తొమ్మిదింటికి పశువుల ఆసుపత్రిలో పూడుల్ కుక్క చనిపోయింది. దాన్ని ఇంటి పెరట్లో పాతిపెట్టారు. సాయంత్రం దాని యజమాని, నెలనెలా దానికి జుట్టు కత్తిరించే ఆమె దుకాణానికి వెళ్లాడు.

"దాని వెంట్రుకలేమైనా ఉన్నాయా చెల్లెమ్మా? పాప అడుగుతోంది."

"పోయిన వారం కత్తిరించినవి అప్పుడే ఊడ్చేశాను అన్నయ్యా. ఇంట్లో లేవా?"

"మంచం కింద, సోఫా వెనక, అంతా వెతికాం. ఒక్కటీ దొరకలేదు."

"పూడుల్ జుట్టు రాలదు కదా. పాపకి ఆయాసమని అందుకేగా ఏరికోరి తెచ్చుకున్నారు."

"అవును. ఆరేళ్లు నల్ల చొక్కాలతో ఎత్తుకున్నాను, ఒక్క పోగు అంటలేదు. పక్కింటివాళ్ల సోఫాకి వాళ్ల కుక్క వెంట్రుకలతో గడ్డం మొలిచిందని మా ఆవిడ నవ్వేది. ఇవాళ వాళ్లని చూస్తే కుళ్లుగా ఉంది."

"పాతిపెట్టే ముందు ఓ కుచ్చు కత్తిరించాల్సింది."

"తోచలేదమ్మా. పాప బడి నుంచి వచ్చాక అడిగింది."

"మంచి కుక్క. కత్తెర పెడితే కదిలేది కాదు."

"పాపకి ఊపిరాడకపోతే మాకంటే ముందు దానికే తెలిసేది. వచ్చి మమ్మల్ని లేపేది. ఇప్పుడు ఒక్కదాన్నే ఎలా పడుకోను అంటోంది పాప. దాని కుచ్చు ఒకటి ఇస్తే దిండు కింద పెట్టుకుంటుందట."

"ఉండండి. ఇక్కడ ఏ కుక్క దువ్వెన దానిదే. వాడగానే కడిగేస్తాను. కానీ దానికి కత్తిరించిన రోజు జనం ఎక్కువగా ఉన్నారు, మీదాని దువ్వెన కడిగానో లేదో."

"ఒక్కసారి చూడు తల్లీ."

ఆమె సొరుగు లాగింది. పూడుల్ దువ్వెన పళ్ల మధ్య బొటనవేలంత గోధుమరంగు కుచ్చు ఉంది.