తెల్ల పూత కింద బొటనవేలి ముద్ర

1988 జూన్ 13, సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు, ఇనుప సామానుకు మెరుగుపెట్టే బఫింగ్ షెడ్డులో సాధారణ కార్మికునిగా మా సంస్థలో అడుగుపెట్టిన ఇరవై మూడేళ్ళ యువకుడు, ఈ నెలాఖరున పూతల విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. మా అందరికీ ఆయన ‘గ్లౌజుల గురువుగారు’. ఇంత సుదీర్ఘ సేవాకాలంలో ఆయన స్థిమితంగా ఆసీనులై ఉండగా చూసినవారు మాలో బహు తక్కువ. పదకొండేళ్ళ కిందట ఆయన గదిలో వేసిన కుర్చీకి ప్లాస్టిక్ కవరు నిన్నటిదాకా చెక్కుచెదరలేదు.

బఫింగ్ చక్రం ముందు నల్లటి ధూళిలో ఆరేళ్ళు గడిపారు. తొలి ఏడాదే రేకు అంచు కోసుకుని కుడి బొటనవేలిపై అడ్డంగా ఒక గాటు మిగిలింది. 1994లో లోహపు పూత కోసం సామాను ముంచే ప్లేటింగ్ తొట్ల దగ్గరకు, 2001లో రంగు పొడి చల్లి వేడికి కరిగించే, కొత్తగా నెలకొల్పిన పౌడర్ కోటింగ్ విభాగానికి పర్యవేక్షకులుగా వెళ్ళారు. వచ్చిన ప్రతి కస్టమరుకూ అద్దంలాంటి మెరుపే కావాలి. ఆయనకు మాత్రం ఒక్కటే ప్రశ్న. “ఈ ముక్క ఎక్కడుంటుంది? వానలోనా, వంటింట్లోనా, మనిషి చేతిలోనా?” జవాబును బట్టి వీధి స్తంభానికి గాల్వనైజింగ్, చిన్న బోల్టుకు జింకు పూత, అల్యూమినియం కిటికీకి ఆనోడైజింగ్, ఆసుపత్రి మంచానికి పౌడర్ కోటింగ్ అని తేల్చేవారు. “ఏ పూతా తుప్పును ఆపదండీ, ఆలస్యం చేస్తుందంతే” అని కస్టమర్ల ముఖాన్నే చెప్పేవారు. ఆయనను వాళ్ళ ముందు కూర్చోబెట్టవద్దని అమ్మకాల విభాగం వారు మొత్తుకునేవారు. కూర్చునే అలవాటే లేదు కనుక ఆ చిక్కు ఎన్నడూ రాలేదు.

ఇంటి దగ్గరా ఇదే తంతు. “ఎవరింటికి వెళ్ళినా ముందు గేటుకి తుప్పు పట్టిందేమో చూస్తారు, తర్వాతే మనుషుల్ని పలకరిస్తారు” అని ఆయన శ్రీమతి గారి ఫిర్యాదు. పెద్దమ్మాయి పురుటికి ఆసుపత్రికి వెళ్ళి, మనవరాలు పుట్టిన కబురు వచ్చేసరికి మంచం కింద దూరి బ్రాకెట్లు పరీక్షిస్తున్నారట. నర్సు వచ్చి ఆయన కాళ్ళు పట్టుకుని లాగవలసి వచ్చిందని శ్రీమతి గారు ఇప్పటికీ చెప్పి నవ్వుతారు.

ఆ బ్రాకెట్ల వెనుక ఒక సంగతి ఉంది. 2006లో, మేము పూత వేసి పంపిన ఆసుపత్రి మంచం బ్రాకెట్టు ఒకటి తిరిగి వచ్చింది. తెల్లని పూత ఒకచోట పొరగా లేచిపోయి, దాని కింద తుప్పు బొటనవేలి ముద్ర ఆకారంలో, గీతలతో సహా బయటపడింది. కడిగి శుభ్రపరచిన ఇనుమును పూతకు ముందు ఎవరో ఒట్టి చేత్తో ముట్టుకున్నారు. ఆ చెమట అడుగున ఉండి తన పని తాను చేసుకుపోయింది. రిజిస్టరు తిరగేస్తే, ఆ రోజు మాస్కింగ్ బల్ల దగ్గర, అంటే రంగు పడకూడని చిల్లులకు టేపు అంటించే చోట, ఉన్నది ఒకే ఒక్క అమ్మాయి. చేరి ఎనిమిది నెలలైంది. శనివారం నుంచి పనిలోకి రానక్కరలేదని బుధవారం మధ్యాహ్నం ఆమెకు చెప్పారు. ఆ అమ్మాయే ఈ వ్యాసం రాస్తున్నది.

ఇంట్లో ముగ్గురికి ఆమె సంపాదనే ఆధారం. ఎవరికీ చెప్పుకోలేదు. గ్లౌజులు తీసిన గుర్తు ఎంత తవ్వుకున్నా దొరకలేదు గానీ, అంతమంది అంటున్నారంటే తానే ముట్టుకున్నానేమోనని గురువారానికి ఆమెకే నమ్మకం కుదిరింది. గురువుగారి దగ్గరకు వెళ్ళి, “సార్, నేనే ముట్టుకుని ఉంటాను. నన్ను క్షమించండి” అన్నది. ఆయన ఆమె వైపు చూడలేదు. “వెళ్ళి పని చూసుకో తల్లీ” అని తొట్ల వైపు వెళ్ళిపోయారు.

శుక్రవారం ఉదయం ఆయన అందరినీ మేనేజరు గదికి పిలిచి, బ్రాకెట్టు బల్ల మీద పెట్టి, గ్లౌజు తీసి బొటనవేలు చూపించారు. తుప్పు ముద్రలోనూ అదే అడ్డగాటు. “ఈ వేలు నాది. సంతకం పెట్టడానికి గ్లౌజు తీశాను, మళ్ళీ తొడుక్కోకుండా ముక్క పక్కకి జరిపాను. ఆ అమ్మాయి తప్పేం లేదు” అన్నారు. ఆమె ఉద్యోగం నిలిచింది. ఆయన పదోన్నతి రెండేళ్ళు ఆగింది. ఆ బ్రాకెట్టును ఆయనే గోడకు తగిలించి, కింద ‘ఈ వేలు నాది’ అని రాశారు. కొత్తగా చేరే ప్రతివారికీ మేము మొదటిరోజే ఈ కథ చెబుతాము. అందరికన్నా ఎక్కువసార్లు చెప్పింది ఆమే.

కిందటి వారం వరకు ఈ వ్యాసం కూడా అక్కడితో ముగిసింది. గురువుగారు రోజుకు నాలుగుసార్లు ఆమె బల్ల చుట్టూ తిరిగి “రాశావా?” అని అడుగుతుంటే, తట్టుకోలేక రాసిన ప్రతిని ఆయన చేతిలో పెట్టింది. నిలబడే చదివారు.

“బాగా మెరుస్తోంది. అడుగు మాత్రం కడగలేదు” అన్నారు.

“అంటే ఏంటి సార్?”

“నాకు తెలిసింది శుక్రవారం కాదు తల్లీ. బుధవారం సాయంత్రమే భూతద్దంలో గాటు చూశాను. రెండు రోజులు నోరు పెగల్లేదు. నువ్వొచ్చి నాకు క్షమాపణ చెప్పావే, అప్పటికే నాకు తెలుసు.”

“మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?”

“నన్ను మంచోడినని నమ్మావు కదా. అది పోతుందని.” ప్రతిని తిరిగి ఆమె చేతికిచ్చి, “అది కూడా రాయి. రాయకపోతే అసలు నా గురించి ఏమీ రాయకు” అన్నారు.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆమె ఉన్న గది గాజు తలుపు అవతల ఆయన అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు; ఒకసారి తలుపు దాకా వచ్చి, పిడి మీద చెయ్యి వేసి, పిడికి వేసిన పూతను తడిమి చూసి వెనక్కి పోయారు. నాలుగో రోజు శ్రీమతి గారు ఫోన్ చేశారు. “ఏమైందమ్మా అక్కడ? మనిషి కంచం ముందు కూర్చోవడం లేదు. మా పెద్దమ్మాయి స్కూలు రోజుల్లో ఒకసారి రెండు రోజులు ఇలాగే ఇల్లంతా తిరిగారు. ఎందుకో ఇప్పటిదాకా చెప్పలేదు.”

ఆ రెండు రోజులు ఏవో ఆమెకు తెలుసు. ఫోన్ పెట్టేసి రాయడానికి కూర్చుంది. “సావనీరులో ఇవన్నీ ఎందుకమ్మా, వాళ్ళింట్లో వాళ్ళు కూడా చదువుతారు” అని మేనేజరు గారు నచ్చజెప్పబోయారు. “చదవాలనే సార్” అన్నదామె.

ఆ గురువారం మీద ఆమెకు కోపం పూర్తిగా పోలేదు. పోయిందని రాస్తే ఆయనే గోటితో గీకి చూస్తారు. కానీ ఆయన చెప్పకపోతే ఈ లోకంలో మరెవరికీ తెలిసే దారి లేని తప్పును, తన సన్మాన సంచికలోనే అచ్చు వేయించుకున్న ఈ మనిషి పట్ల ఆమె గౌరవం కిందటి వారం కన్నా పెరిగిందే గాని తగ్గలేదు. మాస్కింగ్ బల్ల నుంచి విభాగాధిపతి గదికి ఆమెను నడిపించిన గురువు ఆయనే. వచ్చే నెల నుంచి ఆ గది ఆమెది.

ఇకపై కడిగిన ఇనుము ఏదీ ఆయన చేతికి రాదు. ఏ వస్తువునైనా, ఏ మనిషినైనా ఒట్టి చేతులతో ముట్టుకోవచ్చు. అర్ధాంగితో, కుమార్తెలతో, మనవరాలితో సంపూర్ణ ఆరోగ్యంగా, కంటినిండా నిద్రతో, కుదురైన మనసుతో ఆయన చిరకాలం వర్ధిల్లాలని సహోద్యోగులమందరం మనసారా కోరుకుంటున్నాము. నెలాఖరు సభలో వేదికపై ఉండేది ఆ గదిలోని కుర్చీయే. ప్లాస్టిక్ కవరు ఆమె ఈ ఉదయమే తన చేతులతో చించివేసింది. రాయమన్నది రాసేశాం. ఇక కూర్చోండి, సార్.